వందేళ్ల వరద వచ్చి వెళ్లింది కదా, పెన్నా పక్కన ప్లాటు కొనవచ్చా?

మీ ప్రశ్న ఇలా అర్థమైంది. నెల్లూరులో పెన్నా పొర్లుకట్ట (వరద ఊళ్లోకి రాకుండా వేసిన కట్ట) దగ్గర మీ నాన్నగారు ఒక ప్లాటు చూశారు. 2021లో వచ్చింది వందేళ్లకోసారి వచ్చే వరద, అది వచ్చి వెళ్లిపోయింది, ఇక మన కాలంలో రాదన్నది ఆయన ధీమా. మీరు వాతావరణ మార్పు సంగతి ఎత్తితే, "1989 కావలి తుపానును కళ్లారా చూసినవాణ్ణి, నాకు చెప్పకు" అంటున్నారు. వాతావరణ మార్పు నిజమా, ప్రచారమా, మన వైపు దాని జాడ ఏమైనా ఉందా అని అడిగారు.

ప్లాటు సంగతి ముందే చెప్పేస్తాను: వద్దు. ఎందుకన్నది చెప్పడానికి కాస్త చోటు పడుతుంది.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల మండల కార్యాలయాల్లో గణాంకాల పని చేసి రిటైరయ్యాను. పంటల విస్తీర్ణాలు, ధరల పట్టికలతో పాటు పొద్దున 8:30కి వర్షమాపకంలో నీళ్లు కొలిచి రాయడం కూడా నా పనే. దేశమంతటా వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాటి 8:30 దాకానే. 1 మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు 4 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. ఈ లెక్క గుర్తుంటే, ఒక్క రోజులో 200 మిల్లీమీటర్లు పడ్డాయని పత్రికలో చదివినప్పుడు గుండె కాస్త ఝల్లుమంటుంది.

1989 విషయంలో మీ నాన్నగారితో వాదించకండి. ఆయన చెప్పేది నిజం. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడ వందలమందిని బలితీసుకుని, మలయా ద్వీపకల్పం దాటి బంగాళాఖాతంలోకి వచ్చి మళ్లీ బలం పుంజుకున్న 'గే' తుపాను నవంబరు 8-9 తేదీల్లో కావలి దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి రోజుల్లో నష్టాల జాబితాలు రాయడానికి తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక ఊళ్లో కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. ఆఫీసు వర్షమాపకం గరాటు దొరకనే లేదు. అసలు గాలి బలంగా వీచేటప్పుడు చినుకులు గరాటులో పడకుండా పక్కకు పోతాయి కాబట్టి ఆ పరికరం ఉన్నా తక్కువే చూపేది. కొలవాల్సిన రోజునే కొలత సరిగా రాదు.

అంతకుముందూ పెద్దవి వచ్చాయి. 1927 నవంబరులో నెల్లూరును తుపాను కొట్టింది. 1984లో శ్రీహరికోట దగ్గర ఒకటి తీరం దాటింది. కనుక "తుపానులు పెరిగిపోయాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వేసిన అంచనా నివేదిక ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏడాదికి వచ్చే తుపానుల సంఖ్య గత శతాబ్దం మధ్య నుంచి తగ్గింది. 2000-2018 మధ్య పెరిగినవి నైరుతి వర్షాకాలం తర్వాత వచ్చే అతి తీవ్ర తుపానులు. ఆ వాక్యం చదివి ఒకరు మొదటి సగం, మరొకరు రెండో సగం పట్టుకుని టీవీలో కొట్టుకుంటుంటారు.

ఇక నా కొలతల సంగతి. వాతావరణం మారిందని నా వర్షమాపకం రుజువు చేసిందని నేను అనను. ఒక్క పరికరం అలాంటివి రుజువు చేయదు. పైగా ఒక మండలంలో అది వేపచెట్టు కింద ఉండేది. దాన్ని పెట్టినప్పుడు చెట్టు చిన్నదే, తర్వాత పెరిగింది. వర్షమాపకాన్ని జరిపితే పాత లెక్కలతో పోలిక చెడుతుంది, జరపకపోతే కొత్త లెక్కలు చెడతాయి. ఆదివారాలు, పండుగల నాటి అంకెల్లో కొన్ని ఎక్కడ పుట్టాయో నాకు తెలుసు, చెప్పను.

అయినా నా రిజిస్టర్లు నాకు ఒకటి నేర్పాయి. జిల్లాకు పంపే పట్టికలో అందరూ చూసేది నెల మొత్తం. ఆ పక్క గడిలో 'వర్షపు దినాలు' అని ఉంటుంది, అంటే కనీసం 2.5 మిల్లీమీటర్లు పడిన రోజులు. దాన్ని ఎవరూ చూడరు. మొత్తం సాధారణం అని వచ్చిన నెలలోనే నారుమళ్లు ఎండడం, ఆపైన కోతకు సిద్ధమైన పొలం మునగడం రెండూ జరగవచ్చు. నెల్లూరు ఏడాది వానలో సగానికి మించి అక్టోబరు-డిసెంబరు మధ్యనే పడుతుంది. అది కూడా వాయుగుండాల దయ మీద. అందుకే ఇక్కడ సగటు అంకెకు అంత విలువ లేదు.

ఈ లోపాలన్నీ శాస్త్రవేత్తలకు తెలియవా? నాకంటే బాగా తెలుసు. "నగరాలు పెరిగి థర్మామీటర్లు వేడెక్కాయి, అంతే" అనే వాదన తరచుగా వింటాం. కానీ సముద్రం మీద నగరాలు లేవు. ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం 1951-2015 మధ్య సుమారు 1 డిగ్రీ వేడెక్కింది. హిమానీనదాలు కరుగుతున్నాయి. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993 నుంచి 2017 దాకా ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఒకదాని తప్పు మరొకదానికి అంటని ఇన్ని కొలతలు ఒకే దిక్కు చూపుతున్నాయి.

మనిషి వల్లనే అని ఎలా చెబుతారు? హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 315 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడు 420 దాటింది. మంచుపొరల్లో చిక్కుకున్న పాత గాలి బుడగల ప్రకారం పరిశ్రమల కాలానికి ముందు అది 280 దగ్గర ఉండేది, 8 లక్షల ఏళ్లలో ఎన్నడూ 300 పైచిలుకు పోలేదు. పెరిగినది బొగ్గు, చమురు మండించడం వల్లేనని కార్బన్ రకమే చెబుతుంది. మొక్కలు తేలిక కార్బన్‌ను ఎక్కువగా తీసుకుంటాయి, బొగ్గూ చమురూ ఒకప్పటి జీవరాశి నుంచి వచ్చినవే, వాటిని కాల్చేకొద్దీ గాలిలో బరువైన కార్బన్-13 పాలు తగ్గుతూ వస్తోంది. సూర్యుడి వల్ల అనేవారికి ఇంకొక సాక్ష్యం ఉంది. సూర్యుడే కారణమైతే పై నుంచి కింద దాకా గాలంతా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు: కింది పొర వేడెక్కుతోంది, దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కింద చిక్కుకుంటేనే అలా అవుతుంది.

ఇక మన వైపు జాడ. ఇక్కడ నేను మూడు రకాలుగా విడదీస్తాను, ఎందుకంటే అన్నిటినీ ఒకే మూటలో కట్టడం వల్లే మీ నాన్నగారి లాంటివారికి నమ్మకం పోతోంది.

వేడి విషయంలో నాకు అనుమానం లేదు. 2015 మే చివర్లో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు, ప్రకాశం బాగా దెబ్బతిన్న జిల్లా. పోయినవారిలో ఎక్కువమంది ఎండలో పని చేసేవారు, ముసలివారు. పగటి ఎండ గురించి అందరూ మాట్లాడతారు గానీ, నాకు రాత్రులంటేనే ఎక్కువ భయం. పగలంతా కాగిన ఒంటికి రాత్రి కూడా తెరిపి లేకపోతే మర్నాడు మనిషి కోలుకోడు. వరికీ అంతే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలతో 2004లో వచ్చిన పరిశోధన ప్రకారం, వేసంగి కాలంలో రాత్రి ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోయింది. మన ఎడగారు (రెండో పంట) రైతులు పుట్టి లెక్కన దిగుబడి చెప్పుకునేటప్పుడు ఎరువునూ తెగులునూ తిట్టుకుంటారు. రాత్రి వేడిని తిట్టే రైతును నేను చూడలేదు.

కరువు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు నీటి కటకట వాతావరణ మార్పుతో పుట్టింది కాదు. 1832-33 నందన కరువు భూతాపం జాడ కనబడక ముందరిది. అక్కడి నేల ఎప్పుడూ వానకు మొహం వాచినదే. దాని మీద లోతుగా బోర్లు దింపి భూగర్భజలాన్ని తోడేశాం, ఫ్లోరైడు నీళ్లు తాగించాం, వెలిగొండ ప్రాజెక్టు కోసం దశాబ్దాలు ఎదురుచూశాం. వేడి పెరిగితే చెరువు తొందరగా ఆవిరవుతుంది, పైరు ఎక్కువ నీరు అడుగుతుంది, అదొక్కటే కొత్తది. అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న మా బావమరిదితో కూడా ఇదే తగాదా. నవంబరులో కుండపోత పడితే గుంటలో ఉప్పు తగ్గి, పైన మంచినీటి పొర నిలిచి, అడుగున ఆక్సిజన్ అందక రొయ్య చచ్చే మాట నిజమే. రాత్రంతా ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) తిప్పి, కరెంటు పోతే డీజిల్ కాల్చేది నేనూ చూశాను. కానీ గుంటకు పట్టనంత పిల్ల వదిలి, నాసిరకం సీడు తెచ్చి, పంట పోయాక 'వాతావరణ మార్పు' అంటే ఎట్లా?

మూడోది వాన. ఇక్కడ శాస్త్రమే తడబడుతూ మాట్లాడుతుంది, నాకు దాని మీద గౌరవం కలగడానికి కారణం కూడా అదే. గాలి 1 డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. తడిని ఎక్కువ పీల్చిన పంచెను పిండితే ఎక్కువ నీళ్లు కారినట్టు, ఆ గాలి కురిసినప్పుడు ఎక్కువ కురవాలి. ప్రపంచం మొత్తం మీద భారీ వానలు పెరిగాయనడానికి ఆధారాలున్నాయి. అయితే 2015 డిసెంబరు చెన్నై వరద మీద అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం పరిశోధించి, ఆ వానలో భూతాపం ముద్ర తమకు దొరకలేదని ప్రకటించింది. పశ్చిమ బంగాళాఖాతం అంతకుముందు నలభై ఏళ్లలో పెద్దగా వేడెక్కకపోవడం కారణం కావచ్చన్నారు. ప్రచారమే అయితే అలాంటి ఫలితాన్ని దాచేవారు. మధ్య భారతంలో ఒక్క రోజులో 150 మిల్లీమీటర్లు దాటే వానలు 1950-2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయని అదే 2020 నివేదికలో ఉంది. ఆ అంకెను తెచ్చి నెల్లూరుకు అతికించేవాళ్లను నేను ఒప్పుకోను.

ప్రచారం అనే అనుమానానికి అసలు కారణం సైన్సు కాదని నా అభిప్రాయం. డబ్బు, న్యాయం. అమెరికాలో సగటు మనిషి ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతాడు, మనం 2 టన్నుల దగ్గర ఉన్నాం. వాళ్లు రెండు వందల ఏళ్లు కాల్చి, మనల్ని ఆపమంటే మీ నాన్నగారికి మంట పుట్టడం సహజం. ఆ మంట నాకూ ఉంది. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు బొగ్గు కాలుస్తున్నాయి, మే నెలలో మన ఫ్యాను తిరిగేది ఆ కరెంటుతోనే. కాబట్టి ఎవరు ఎంత తగ్గించాలన్నది గట్టిగా వాదించవలసిన విషయమే. కానీ ఎవరి తప్పన్న వాదనలో మనం గెలిచినా పెన్నాలో నీటిమట్టం అంగుళం తగ్గదు.

2021 నవంబరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నెల్లూరులో పడిన వాన ఒక్కటే కాదు, పైన కడప, చిత్తూరు జిల్లాల్లో పడిన నీళ్లూ పెన్నాలోకి వచ్చాయి. 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది, భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం నీట మునిగాయి. ఇందులో భూతాపం వాటా ఎంతో నేను తేల్చలేను. నది పొరంబోకులో ఇళ్లు లేవడం, పొర్లుకట్టను ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడం మాత్రం ఆకాశం నుంచి రాలేదు. అధికారులకు 'వాతావరణ మార్పు' మంచి సాకుగా కూడా దొరికింది. పూడిక తీయని కాలువకు అది జవాబు కాదు.

ఇప్పుడు మీ నాన్నగారి 'వందేళ్ల వరద'. ఆ మాటకు అర్థం ఒకసారి వస్తే మరో తొంభై తొమ్మిదేళ్లు సెలవని కాదు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్న వరద అని. నిరుడు వచ్చిన సంగతి నదికి గుర్తుండదు. ఇల్లు కట్టి ముప్ఫై ఏళ్లు ఉంటారనుకోండి, ఆ ముప్ఫై ఏళ్లలో కనీసం ఒకసారి అది వచ్చే అవకాశం నూటికి 26. పైగా ఆ 'నూటికి ఒకటి' అనే అంచనా పాత రికార్డుల మీద వేసింది, వేపచెట్టు కింది రికార్డులతో సహా. వేడెక్కిన సముద్రం వల్ల అది నూటికి రెండు అయిందనుకుంటే, ముప్ఫై ఏళ్లకు అవకాశం నూటికి 45 అవుతుంది. రెండయిందని నేను చెప్పడం లేదు. మన వైపు కచ్చితమైన అంకె తేలలేదు కాబట్టే, ఆ తేడాను ఇంటి అప్పు మీద పందెం కాయవద్దంటున్నాను.

ఆయన ఇంకా ఒప్పుకోకపోతే ఒక పని చేయండి. ఆయనను వెంటబెట్టుకుని ఆ ప్లాటు చుట్టుపక్కల నాలుగు ఇళ్ల తలుపు తట్టి, 2021లో నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చాయో చూపించమనండి. బ్రోకరును కాదు, ఇంట్లో ఉండే ఆడవాళ్లను అడగండి, వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. ప్లాటు కట్టకు ఊరి వైపు ఉందా, నది వైపు ఉందా అన్నది సర్వే నంబరుతో రెవెన్యూ మ్యాపులో చూసుకోండి. నది వైపు అయితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఊరి వైపే అయి, అన్ని కాగితాలూ సరిగ్గా ఉండి, ఆయన కొనే తీరతానంటే, ఆ గోడల మీది గుర్తు కంటే కనీసం రెండు అడుగులు ఎత్తున పునాది లేపించండి, కరెంటు బోర్డు, ఇన్వర్టర్ ఇంకా పైన పెట్టించండి, ఇంటికి వరద వర్తించే బీమా తీసుకోండి. ఆ ఖర్చంతా ప్లాటు ధరలో కలిపి చూస్తే ఊరిలోపల దొరికేది అంత ఖరీదుగా అనిపించకపోవచ్చు.