నాన్నగారి విండోస్ 7 కంప్యూటర్, మీద పడే యాడ్లు: కొత్తది కొనేముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖ గోపాలపట్నంలో ఉంటున్న నాన్నగారు రోజూ పొద్దున్నే పాత డెస్క్‌టాప్‌లో వార్తలు చదువుతారు, పంచాంగం, స్తోత్రాల పీడీఎఫ్‌లు దించుకుంటారు. అందులో ఉన్నది విండోస్ 7. ఏ పేజీ తెరిచినా యాడ్లు కమ్మేస్తున్నాయి, కుడివైపు కింద మూలన “మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది” అని మాటిమాటికీ వస్తోంది, ఆయన టెన్షన్ పడుతున్నారు. షాపులో చూపిస్తే ఇది పనికిరాదు, కొత్తది తీసుకోండి అన్నారు. కొనాలా, వద్దా?

ఇప్పుడే కొనకండి. మేం గాజువాకలో ఉంటాం. మా మావయ్య స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. హుద్‌హుద్ తుపానుకి ఉన్న కంప్యూటర్ తడిసి పాడైపోతే, 2014 చివర్లో మళ్లీ అసెంబుల్ చేయించుకున్నారు. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. మీరు రాసిన లక్షణాలన్నీ దానికీ ఉండేవి. ఆ మెషిన్ ఈరోజుకీ నడుస్తోంది, ఆయన దాని ముందు ప్రశాంతంగా కూర్చుంటున్నారు. మీ దగ్గర ఉన్నవి రెండు వేరువేరు సమస్యలు. యాడ్ల గోల ఒక సాయంత్రంలో తీరుతుంది. విండోస్ 7 సంగతికి ఇంకొంచెం పని ఉంది, దాన్ని మాత్రం వాయిదా వేయకూడదు.

ముందు ఆ మూలన వచ్చే హెచ్చరిక. మావయ్య కంప్యూటర్‌లోనైతే దానికీ వైరస్‌కీ సంబంధమే లేదు. ఏదో సైటు తెరిచినప్పుడు పైన ఎడమవైపు చిన్న పెట్టె వస్తుంది, ఈ సైటు నోటిఫికేషన్లు పంపవచ్చా అని. పేజీలో మాత్రం “మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి” అని రాసి ఉంటుంది. పెద్దవాళ్లు చెప్పినట్టే నొక్కుతారు. ఇక ఆ సైటు మూసేసినా సరే, బ్రౌజర్ ద్వారా ఏం పంపాలన్నా దానికి అనుమతి ఉన్నట్టే. ఎర్ర గుర్తు, పేరున్న యాంటీవైరస్ బొమ్మ, “ఈరోజే గడువు” అనే బెదిరింపు, అన్నీ ఆ దారిలోనే వస్తాయి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు వెళ్లండి. అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా అక్కడ ఉంటుంది. మావయ్య దగ్గర ఆ జాబితా కిందికి జరుపుతూ పోతే, అర్థంలేని అక్షరాలతో, చివర డాట్ క్లబ్, డాట్ ఎక్స్‌వైజెడ్ అంటూ వరసగా ఉన్నాయి. ఒక్క పేరూ ఆయన గుర్తుపట్టలేదు. అన్నీ తీసేసి, పైన ఉన్న ఆప్షన్లలో ఏ సైటూ నోటిఫికేషన్లు పంపకుండా ఆపేదాన్ని ఎంచుకుంటే ఆ బాధ అక్కడితో పోయింది. అదే కూర్చోవడంలో ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) పేజీ కూడా తెరవండి. కూపన్లు, పీడీఎఫ్ కన్వర్టర్, వాతావరణం లాంటి పేర్లతో మీరెవరూ పెట్టనివి కనిపిస్తే తీసేయండి. హోమ్ పేజీ తనంతట తాను మారిపోవడానికి కారణం చాలాసార్లు అవే.

తర్వాత పేజీల్లో వచ్చే యాడ్లు. వీటికి నేను నమ్మేది యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటే. రేమండ్ హిల్ అనే ఆయన మొదలుపెట్టిన ఉచిత, ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్. అయితే ఇప్పటి క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల నియమాలు మారాక దాని పూర్తి వెర్షన్ నడవదు, లైట్ అనే తేలికపాటిది మాత్రమే దొరుకుతుంది. పూర్తిది కావాలంటే ఫైర్‌ఫాక్స్ వాడాలి. విండోస్ 7లో అయితే వేరే దారి కూడా లేదు. క్రోమ్ 2023 మొదట్లో 109వ వెర్షన్‌తో విండోస్ 7ని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం 115 ఈఎస్ఆర్ అనే వెర్షన్‌ని పాత విండోస్‌ల కోసం ఆ తర్వాత కూడా చాలాకాలం సరిదిద్దుతూ వచ్చింది. అందులోనూ పాత 115 వద్దు, 115.13 గానీ ఆ పైది గానీ చూసి పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో ఉండే ఒక సర్టిఫికెట్ గడువు 2025 మార్చి 14న ముగిసింది కాబట్టి, అంతకు ముందు వెర్షన్లలో ఎక్స్‌టెన్షన్లు పనిచేయకుండా పోవచ్చు.

యూబ్లాక్ పెట్టాక నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఖాళీ అయిన పేజీ కన్నా ఆ దొంగ డౌన్‌లోడ్ బటన్లు పోవడం. పంచాంగం పీడీఎఫ్ కోసం వెళ్తే పేజీ మధ్యలో పచ్చగా, పెద్దగా “డౌన్‌లోడ్” అని మూడు బటన్లు. అసలుది ఎక్కడో కింద చిన్న నీలం అక్షరాల్లో. కళ్లజోడు సర్దుకుని చదివే మనిషి పెద్దదే నొక్కుతాడు కదా! అది నొక్కితే పంచాంగానికి బదులు ఏదో సెటప్ ఫైలు దిగుతుంది. యాడ్ బ్లాకర్ అన్నది పెద్దవాళ్లకి సౌకర్యం కన్నా ఎక్కువగా రక్షణ అని నేను అనేది అందుకే.

ఒక మాట మాత్రం చెప్పాలి. యాడ్ల మీద బతికే మంచి తెలుగు సైట్లు ఉన్నాయి, వాటిని అందరం బ్లాక్ చేస్తే అవి మూతపడతాయి. యూబ్లాక్ బొమ్మ నొక్కితే పెద్ద పవర్ బటన్ వస్తుంది, దాంతో ఆ ఒక్క సైటుకి ఆపేయొచ్చు. పక్కన ఒదిగి ఉండే ప్రకటనలతో సరిపెట్టుకునే సైట్లకి మావయ్య కంప్యూటర్‌లో నేను ఆపేశాను. పేజీని కప్పేసేవి, వాటంతటవే మోగేవి మాత్రం నిస్సంకోచంగా బ్లాక్ చేయండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. ఉన్నట్టుండి స్క్రీన్ అంతా నీలంగా గానీ ఎర్రగా గానీ నిండిపోయి, సైరన్ మోగుతూ, “కంప్యూటర్ ఆపకండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి” అని వస్తుంది. అది ఒట్టి వెబ్ పేజీ. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే పోతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ముగించండి. మళ్లీ తెరిచాక పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. ఆ నంబరుకి ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎనీడెస్క్ లాంటిది పెట్టించి, మన స్క్రీన్ చూస్తూ బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. నాన్నగారికి ఇది భయపెట్టకుండా, పక్కన కూర్చుని చెప్పండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపగలిగే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. ఈ 1930 నంబరు కాగితం మీద రాసి మానిటర్ అంచుకి అంటించండి. మావయ్య దగ్గర అలాగే ఉంది.

ఇక విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దీన్ని 2009లో విడుదల చేసి, 2020 జనవరి 14న మామూలు వాడకందార్లకి అప్‌డేట్లు ఆపేసింది. సంస్థలకి డబ్బు కట్టించుకుని ఇచ్చినవి కూడా 2023 జనవరితో ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడిన లోపాలు అందులో అలాగే ఉండిపోతాయి. యాడ్ల సమస్య ఇక్కడే దీనితో ముడిపడుతుంది. ఒక సైటు ఎంత మంచిదైనా, అందులో కనిపించే ప్రకటన ఎక్కడో మూడో మనిషి పంపినది. దాంట్లో చెడు కోడ్ ఉంటే, అప్‌డేట్లు ఉన్న కంప్యూటర్‌లో అది అడుగు పెట్టడం కష్టం. విండోస్ 7లో తలుపు తీసి పెట్టినట్టే. కాబట్టి యూబ్లాక్ పెట్టేశాం కదా అని ఊరుకోకండి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేవరకు ఆ మెషిన్‌లో నెట్ బ్యాంకింగ్, పెన్షన్ సైట్ల లాగిన్, కార్డు నంబర్లు అసలు వద్దు.

విండోస్ 10 వేయించుకోవచ్చు కదా అని కొందరు అంటారు. దానికీ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆగింది, విడిగా నమోదు చేసుకున్నవాళ్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆ పైవి కావాలి. 2014 నాటి మెషిన్‌కి ఆ అర్హత లేదు. తంటాలు పడి ఎలాగోలా ఎక్కించే చిట్కాలు ఉన్నాయి గానీ, ఒంటరిగా వాడుకునే పెద్దాయనకి అలాంటిది అప్పగించడం నాకు ఇష్టం లేదు.

మావయ్యకి నేను వేసింది లైనక్స్ మింట్, విండోస్‌కి బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ఉచితం. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయిగా ఉంటుంది. ప్రాసెసర్ 64 బిట్ అయి ఉండాలి. మింట్ 22 వరసకి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, విండోస్ 7 అలవాటున్న చేయి వెతుక్కోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ దాంతోనే వస్తుంది, అదీ ఇప్పటి వెర్షన్. తెలుగు పేజీలు చక్కగా కనిపిస్తాయి. గౌతమి ఫాంట్ ఉండదు కాబట్టి అక్షరాల రూపు కొంచెం వేరుగా ఉంటుంది, నోటో ఫాంట్ పెట్టి సైజు పెంచితే మావయ్యకి అదే బాగా నచ్చింది. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. ఆ సమయంలోనే వైఫై, స్పీకర్లు, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. పాత లేజర్ ప్రింటర్లు కొన్ని లైనక్స్‌లో బాగా సతాయిస్తాయి. ఫొటోలు, పీడీఎఫ్‌లు బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే అసలు ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టండి.

దీనికి ముందు చేయాల్సిన ఖర్చు ఒకటుంది, ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్. పాత మెషిన్ నత్తనడకకి ముఖ్య కారణం తిరిగే హార్డ్ డిస్క్. ద్వారకానగర్ షాపుల్లో 240 లేదా 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ అడగండి, పాత కేబుల్‌కే తగిలించేస్తారు. పాత డిస్క్‌ని చెరపకుండా పక్కన పెడితే అదే బ్యాకప్. క్యాబినెట్ విప్పినప్పుడే మరో రెండు పనులు. మన ఊళ్లో ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్టులు మసకబారతాయి, పోర్టు వైపు ఇళ్లలో అయితే ఫ్యాన్ రెక్కల మీద నల్లటి దుమ్ము మందంగా పేరుకుంటుంది. ర్యామ్ తీసి కాంటాక్టులను మామూలు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెడితే, ఆన్ చేయగానే బీప్ కొట్టి ఆగిపోయే మెషిన్లు చాలా లేస్తాయి. రెండోది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్, సీఆర్2032. అది అయిపోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది, దాంతో ప్రతి సైటూ “మీ కనెక్షన్ సురక్షితం కాదు” అంటుంది. దాన్ని చూసి వైరస్ అనుకునేవాళ్లు ఎందరో. తక్కువ ఖర్చుతో తీరిపోయే సంగతి అది.

లైనక్స్ అందరికీ సరిపోదు. ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ లాంటివి రోజూ కావాల్సినవాళ్లకి కొత్త విండోస్ మెషినే మేలు. మా వీధిలో పెళ్లికార్డులు వేసే ప్రెస్ ఉంది. అక్కడి డీటీపీ ఆయన పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ ఎక్స్‌పీ మెషిన్‌లో ఉన్నాయి. ఆ తెలుగు యూనికోడ్ కాదు, ఇంకో దాంట్లో తెరిస్తే అక్షరాలు చెదిరిపోతాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే అప్‌డేట్లు ఆగాయి. ఆయనకి మార్చమని నేను చెప్పలేదు, లాన్ కేబుల్ తీసేశాను. ఆ మెషిన్ నెట్ ముఖం చూడదు, కస్టమర్ల మెయిళ్లు, వాట్సాప్ వేరే కంప్యూటర్‌లో. ఫైళ్లు పెన్‌డ్రైవ్ మీద వస్తాయి కాబట్టి ముందు రెండో దాంట్లో స్కాన్ చేసి తెస్తారు. పాత సాఫ్ట్‌వేర్ నిజంగా అవసరమైనచోట ఇదే పద్ధతి.

మీ నాన్నగారికి అలాంటి అవసరాలేవీ ఉన్నట్టు లేదు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం విండోస్, వేలిముద్ర పరికరం ఉండాలేమో అని మా మావయ్య కూడా అనుకున్నారు. జీవన్ ప్రమాణ్ అనే ఆ డిజిటల్ సర్టిఫికెట్ ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు. కంప్యూటర్‌తో పని లేదు.

ఫోన్‌లో కూడా యాడ్లు విసిగిస్తుంటే ముందు క్రోమ్ నోటిఫికేషన్ల అనుమతులు అక్కడా తీసేయండి, ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టండి.

క్యాబినెట్ మీద గానీ బిల్లు మీద గానీ ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతుందో చూసి, ప్రింటర్ మోడల్‌తో పాటు కింద రాయండి. మింట్ సరిపోతుందో, ఇంకా తేలికైనది వేయాలో చెబుతాను. ఈలోగా నోటిఫికేషన్లు తీసేయడం, ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ పెట్టడం మాత్రం ఈ ఆదివారమే చేసేయండి.