మిక్సీ హ్యాండిల్ మీద జీబ్రా చారల పేచీ

ప్రశ్న: బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మిక్సీ జార్ హ్యాండిల్ డిజైన్ చేశాను. సబ్‌డివిజన్ లెవెల్ పెంచి (పలకలను ఇంకా చిన్న పలకలుగా విభజించి) ఎస్టీఎల్ (ఆకారాన్ని త్రిభుజాలతో చెప్పే ఫైల్) పంపితే అచ్చు చేసే టూల్‌రూమ్ వాళ్లు వద్దన్నారు, స్టెప్ ఫైల్ (అసలు వంపు ఉపరితలాలనే భద్రపరిచేది) అడిగారు. రైనో అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో నర్బ్స్‌గా (గణిత సూత్రాలతో గీసే నున్నటి ఉపరితలాలుగా) మార్చి పంపితే, బొటనవేలు ఆనేచోట జీబ్రా చారలు (నునుపును పరీక్షించడానికి ఉపరితలం మీద ప్రతిబింబంలా చూపే నలుపు తెలుపు చారలు) సరిగ్గా పోవట్లేదంటున్నారు. స్క్రీన్ మీద నాకు నున్నగానే ఉంది. ఎవరి మాట కరెక్ట్ సార్?
– ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: వాళ్ల మాటే. స్క్రీన్ మీద వెలుగునీడలు చూపే షేడింగ్ చాలా లోపాలు దాచేస్తుంది, దాన్ని నమ్ముకోకండి.

మీరు పంపిన వైర్‌ఫ్రేమ్ చూశాను. బొటనవేలు ఆనేచోటే ఐదు గీతలు ఒక పాయింట్‌లో కలుస్తున్నాయి. గొడవంతా అక్కడే. బ్లెండర్ వాడేది 1978లో కాట్‌మల్, క్లార్క్ చెప్పిన విభజన పద్ధతి. కేజ్‌లో, అంటే విభజించకముందు మీరు గీసిన ముతక వలలో, ఒక నలుపలక నాలుగు మూలల్లోనూ నాలుగేసి గీతలు కలిస్తే, ఆ ముక్క అప్పటికే బైక్యూబిక్ బీ-స్ప్లైన్ ప్యాచ్, అంటే నర్బ్స్‌లోనే ఒక రకం నున్నటి ముక్క. దాని చుట్టుపక్కల 16 కంట్రోల్ పాయింట్లు (ఆకారాన్ని నిర్ణయించే బిందువులు) తీసుకుంటే చాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా నర్బ్స్‌లోకి వచ్చేస్తుంది. ఐదు గీతల పాయింట్ అలా కాదు. ఎంత విభజించినా అది అలాగే ఉంటుంది; చుట్టూ ప్యాచ్‌లు వలయాలుగా చిన్నవవుతూ పోతాయే తప్ప ముగియవు. స్టెప్ ఫైల్‌లో అంతులేకుండా ప్యాచ్‌లు రాయలేం కదా! ఎక్కడో ఆపి, మిగిలిన కన్నాన్ని పూడ్చాలి. అక్కడ మామూలుగా ముక్కల వాలు కలుస్తుంది, వంపు కలవదు. అందుకే చార తెగకపోయినా టక్కున మలుపు తిరుగుతుంది. అసలు కాట్‌మల్-క్లార్క్ ఉపరితలానికే ఆ పాయింట్ దగ్గర వంపు కుదురుగా ఉండదు, కాబట్టి పాపం కన్వర్టర్‌నొక్కదాన్నే తిట్టి లాభం లేదు.

2008లో లూప్, షేఫర్ అనే పరిశోధకులు ఒక్కో ముఖానికి ఒక్కో బైక్యూబిక్ ప్యాచ్‌తో సరిపెట్టే తేలిక దారి చూపించారు. వెలుగు లెక్కకు మాత్రం అందులో వేరే టాంజెంట్ ప్యాచ్‌లు (ఉపరితలం వాలు చెప్పేవి) ఉంటాయి. గేములకు భేషైన ఏర్పాటే. మిల్లింగ్ కట్టర్‌కు ఆ వెలుగు లెక్కతో పనిలేదు, అసలు ప్యాచ్ ఎలా ఉంటే స్టీల్‌ను అలాగే కోస్తుంది.

ఆ ఐదు గీతల పాయింట్‌ను జార్ వైపు తిరిగి ఉండే లోపలి భాగానికి జరపండి. పూర్తిగా తీసేయాలని మాత్రం తంటాలు పడకండి. బంతిలా మూసుకున్న ఆకారాన్ని నలుపలకలతో కప్పితే నాలుగు కాక వేరే సంఖ్యలో గీతలు కలిసే పాయింట్లు కొన్ని తప్పవు. మామూలు క్యూబ్‌కే మూలకొకటి చొప్పున, మూడు గీతలు కలిసేవి 8 ఉన్నాయి. త్రిభుజం ఒక్కటి వదిలేసినా, ఒకసారి విభజించగానే దాని నడుమ మూడు గీతల పాయింట్ పుడుతుంది.

బ్లెండర్ నుంచి ఓబీజే ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సబ్‌డివిజన్ మోడిఫయర్ (విభజన చేసే అమరిక) అప్లై కానివ్వకండి. ఉత్త కేజ్‌నే రైనో 7 లేదా తర్వాతి వెర్షన్‌లో సబ్‌డీ (రైనోలోని సబ్‌డివిజన్ ఉపరితలం) చేసి, నర్బ్స్‌గా మార్చండి. అంచు పదునుగా రావాలని కేజ్‌లో గీతలు ఇరికించొద్దు. నర్బ్స్ అయ్యాక ఫిల్లెట్ (అంచుకు గుండ్రటి మలుపు) వేసుకుంటే, టూల్‌రూమ్ వాళ్లు రేడియస్ మార్చమన్నప్పుడు మళ్లీ బ్లెండర్ దాకా వెళ్లక్కర్లేదు.