రూ.5,000కు వెబ్‌సైట్ చేసే అబ్బాయికి ఈ వృత్తిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయికి 22 ఏళ్లు. బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, మూడు నెలలు వెబ్ డిజైనింగ్ నేర్చుకున్నాడు. ఏడాదిగా తెలిసినవాళ్లకు ఒక్కొక్కటి రూ.5,000 చొప్పున ఏడు వెబ్‌సైట్లు చేసి ఇచ్చాడు. ఈ మధ్య చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతిదారుకు నమూనా చేసి చూపించి రూ.6,000 అడిగితే, ఆయన కాదని హైదరాబాద్‌లో ఒక సంస్థకు అదే పనిని రూ.1,20,000కు అప్పగించారు. ఒకే వస్తువుకు ఇంత తేడా ఎలా వస్తుంది? ఇంత తక్కువకు చేస్తానన్నా పని రానప్పుడు ఇందులో బతుకు ఉందా? బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పించమంటారా? వెబ్‌సైట్ల లింకులు, ఖర్చుల వివరాలు విడిగా పంపుతున్నాను.
ఒక తండ్రి, కావలి

జవాబు: మీరు పంపిన లింకులన్నింటినీ, చీమకుర్తి వారికి చేసిన నమూనాతో సహా, ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసిన తరువాతే ఈ జవాబు రాస్తున్నాను. మీవి మూడు ప్రశ్నలైనా మూలం ఒక్కటే. మీ అబ్బాయి తాను ఎన్ని రోజులు కూర్చున్నాడో చూసుకుని ధర చెబుతున్నాడు. కొనేవారు ఆ వెబ్‌సైట్ తమ చేతికి వచ్చాక ఎన్నేళ్లు, ఎవరి పూచీ మీద నడుస్తుందో చూసుకుని ధర కడతారు. రూ.6,000 కొటేషన్ ఓడిపోయింది అక్కడే.

ముందుగా ఆ నమూనా సంగతి చూద్దాం. తెరవగానే తెల్లటి పాలరాయి పరిచిన ఒక విదేశీ వంటగది బొమ్మ కనిపిస్తుంది. అది థీమ్‌తో, అంటే రెడీమేడ్‌గా దొరికే పేజీల నమూనాతో, పాటు వచ్చిన ఫొటో. చీమకుర్తికి ప్రపంచంలో పేరు తెచ్చింది, నల్లరాతిలో బంగారు రజను చల్లినట్టు మెరిసే గెలాక్సీ గ్రానైట్. ఆ రాయినే నమ్ముకుని వ్యాపారం చేస్తున్న మనిషికి తన మొదటి పేజీలో తనది కాని రాయి కనిపిస్తే, ఈ అబ్బాయి మన క్వారీ వైపు కన్నెత్తి చూడలేదని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. లోపలి పేజీలో అబ్బాయి స్వయంగా తీసిన స్లాబు ఫొటో ఒకటి ఉంది. పాలిష్ చేసిన నల్లరాయి అద్దం లాంటిది కాబట్టి అందులో షెడ్డులోని ట్యూబ్‌లైటు అడ్డంగా తెల్లటి గీతలా పడింది, దాని కింద ఫోన్ పట్టుకున్న అబ్బాయి నీడ కూడా కనిపిస్తోంది, రాయికి విలువ తెచ్చే ఆ మెరుపు చుక్కలు మాత్రం ఒక్కటీ కనిపించడం లేదు. స్లాబు మందం రెండు సెంటీమీటర్లా మూడా, పాలిష్ రకమా, తోలులా గరుకుగా ఉండే లెదర్ ఫినిషా అన్న వివరం ఎక్కడా లేదు. విదేశాల నుంచి కొనేవారు మొదట అడిగేది అదే. చివరగా, సంప్రదించే ఫారంలో నా పేరు, ప్రశ్న రాసి నొక్కితే 'మీ సందేశం చేరింది' అని వచ్చింది. అయితే ఆ పేజీ అడుగున ఉన్న ఈమెయిల్ చిరునామా థీమ్‌తో వచ్చిన నమూనా చిరునామాయే. నా సందేశం ఎవరికి చేరిందో అబ్బాయిని ఒకసారి అడిగి చూడండి. ఒక కంటైనర్ సరుకు కావాలని రాసినవారి ఉత్తరం అలా గాలిలో కలిసిపోతే, వ్యాపారికి పోయేది రూ.6,000తో పోల్చదగిన మొత్తం కాదు.

అందుచేత ఆయన రెండు ధరల మధ్య ఒకే వస్తువును చూడలేదు. రూ.1,20,000 తీసుకునే సంస్థ తన పని తాను సరిగా చేస్తే, అందులో యజమానితో రెండు మూడు పూటలు కూర్చుని సరుకు వివరాలు రాసుకోవడం, ఫొటోగ్రాఫర్‌ను తీసుకువెళ్లి నీడలు పడకుండా స్లాబులను ఫొటో తీయించడం, ఇంగ్లీషు పాఠాన్ని కొత్తగా రాయడం, చవక ఫోన్లలోనూ పరీక్షించడం, ఒక ఏడాది పాటు ఏ గంటకు ఆగిపోయినా బాగుచేయడం ఇమిడి ఉంటాయి. దీనిమీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో రూ.21,600 పడుతుంది. జీఎస్టీలో నమోదైన వ్యాపారికి సాధారణంగా అది ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నుకు మినహాయింపు) కింద సర్దుబాటు అవుతుంది కనుక దాన్ని ఆయన భారంగా చూడరు.

ఇక చవక వెబ్‌సైట్ అసలు ఖర్చు ఎలా బయటపడుతుందో నా అనుభవంలోనిదే చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా కౌన్సెలింగ్ కేంద్రానికి ఒక యువకుడు రూ.4,000కు వెబ్‌సైట్ చేసి ఇచ్చాడు, చూడడానికి ముచ్చటగానే ఉండేది. డొమైన్‌ను, అంటే వెబ్‌సైట్ చిరునామాను, అతను తన ఈమెయిల్‌తో, తన పేరిట నమోదు చేసుకున్నాడన్న సంగతి మాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు. తరువాత అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, ఫోన్ నంబరు మారింది, రెన్యువల్ చేయమని హెచ్చరించే మెయిళ్లు మాకు రాలేదు. డాట్ కామ్ డొమైన్ గడువు ముగిసిన వెంటనే చేయిదాటిపోదు. మొదట కొద్ది రోజుల వెసులుబాటు, ఆ తరువాత ఎక్కువ రుసుము కట్టి విడిపించుకునే 30 రోజుల గడువు, ఆపైన 5 రోజుల నిరీక్షణ ఉంటాయి. ఆ రోజులన్నీ మాకు తెలియకుండానే గడిచిపోయాయి. ఒక ఉదయం ఒక తల్లి ఫోన్ చేసి, మీ వెబ్‌సైట్ తెరిస్తే పేకాట ప్రకటనలు వస్తున్నాయేమిటండీ అని అడిగారు. మా కరపత్రాల మీద, గోడ బోర్డు మీద, వందలాది విద్యార్థుల ఫైళ్ల మీద ఆ చిరునామాయే అచ్చయి ఉంది. అన్నీ మళ్లీ అచ్చు వేయించడానికి అయిన డబ్బు కన్నా, ఆ పిల్లల తల్లిదండ్రులకు సమాధానం చెప్పుకోవలసి రావడం నన్ను ఎక్కువగా బాధించింది. ఆ యువకుడు మోసగాడు కాదు. రూ.4,000 తీసుకున్న పనికి నాలుగేళ్ల బాధ్యత ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మీ అబ్బాయి కూడా ఇప్పుడు సరిగ్గా ఆ స్థానంలోనే ఉన్నాడు. ఆ రూ.5,000లో నుంచే డొమైన్‌కు వెయ్యి పైచిలుకు, హోస్టింగ్‌కు (వెబ్‌సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే అద్దెకు) రెండు వేల దాకా తానే కడుతున్నాడని మీరు రాశారు. అంటే మిగిలేది రూ.2,000. ఒక్కో వెబ్‌సైట్‌కు పది రాత్రులు కూర్చుంటాడని కూడా రాశారు. రాత్రికి ఐదు గంటలనుకున్నా యాభై గంటలకు రూ.2,000, గంటకు నలభై రూపాయలు. తాపీ పనికి వెళ్లే కూలీకి ఇంతకంటే ఎక్కువే గిడుతుంది. మొదటి ఏడాది రాయితీ ధరకు దొరికే హోస్టింగ్ రెండో ఏడాది రెట్టింపుకు పైగా పెరగడం మామూలే, ఆ డబ్బు ఎవరు కట్టాలో ఏడుగురిలో ఒక్కరితోనూ కాగితం మీద రాసుకోలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి లైసెన్సు తాళం తీసేసిన థీములు, ప్లగిన్లు (అదనపు సౌకర్యాల జోడింపులు) ఉచితంగా దొరికే చోట నుంచి దించుకుని వాడాడేమో ఒకసారి అడగండి, ఎందుకంటే 'నల్డ్' అని పిలిచే వాటిలో చాలాసార్లు వెబ్‌సైట్‌లోకి దొడ్డిదారి తెరిచే కోడు కలిపి ఉంటుంది. వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఉచితమే, అందులో అధికారికంగా దొరికే ఉచిత థీములకు కొదవ లేదు కాబట్టి ఈ దారి తొక్కవలసిన అవసరమే లేదు.

ఎక్కువ ధర పెట్టినదల్లా మంచిదని నేను అనడం లేదు. లక్ష తీసుకుని అదే థీమ్‌ను, అదే పాలరాతి బొమ్మను అంటగట్టే సంస్థలనూ చూశాను. అలాగే కావలి బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు నడిపేవారికి వెబ్‌సైటే అక్కరలేదు. గూగుల్‌లో ఉచితంగా వచ్చే బిజినెస్ ప్రొఫైల్‌లో వేళలు, ఫోన్ నంబరు, నాలుగు ఫొటోలు పెట్టిస్తే సరిపోతుంది. ఆ మాట వారికి నిజాయితీగా చెప్పి పంపేవాడిని రేపు వారి బంధువుల మిల్లుకో, హ్యాచరీకో వెబ్‌సైట్ అవసరమైనప్పుడు వెతుక్కుంటూ వస్తారు. పేజీలను కృత్రిమ మేధ నిమిషాల్లో కట్టిపెడుతున్న ఈ రోజుల్లో, పేజీ కట్టడం మాత్రమే తెలిసినవాడికి రూ.5,000 కూడా రాని కాలం దగ్గరలోనే ఉందని నా అభిప్రాయం. అందుకే తక్కువ ధరనే బలం అనుకునే ఆలోచనను అబ్బాయి ఇప్పుడే విడిచిపెట్టాలి.

అయినా అతనికి ఈ వృత్తిలో చోటు ఉందనే నేను నమ్ముతున్నాను. ఉదయగిరి చెక్క గరిటెల దుకాణానికి అతను చేసిన వెబ్‌సైటే దానికి కారణం. గరిటెల పేర్లను అక్కడివాళ్లు పిలిచే మాటల్లోనే రాశాడు. అచ్చుపనికి వాడే అను ఫాంటులో టైపు చేసి అతికిస్తే ఫోన్లలో అర్థం కాని గుర్తులు వస్తాయని తెలుసుకుని, తెలుగంతా ఏ ఫోన్‌లోనైనా సరిగా కనిపించే యూనికోడ్‌లో పెట్టాడు. ఫొటోలు పగటి వెలుతురులో, చెక్క నార కనిపించేలా తీశాడు. లోపం ఒక్కటే, ఫోన్‌లో తీసిన ఒక్కొక్కటి ఐదు ఎంబీల ఫొటోలు పన్నెండింటిని అలాగే ఎక్కించాడు. అరవై ఎంబీల పేజీ పల్లెటూరి సిగ్నల్ మీద తెరుచుకోవాలంటే చూసేవారికి ఓపిక ఉండదు. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ సూచిస్తుంది. అవే ఫొటోలను తగిన కొలతకు కుదించి, తక్కువ సైజులో ఇమిడే వెబ్‌పీ రూపంలోకి మారిస్తే ఒక్కొక్కటి రెండు వందల కేబీలకు మించదు, అదంతా ఒక సాయంత్రం పని. అంటే చూసే కన్ను అతనికి ఉంది, నేర్చుకోవలసింది పద్ధతి మాత్రమే.

బ్యాంకు పరీక్షల విషయంలో మీ తొందర నాకు అర్థమవుతుంది, కానీ వయసు ఇంకా మించిపోలేదు. ఐబీపీఎస్ క్లర్కు పోస్టులకు 28 ఏళ్ల వరకు, ప్రొబేషనరీ ఆఫీసర్ పోస్టులకు 30 ఏళ్ల వరకు అవకాశం ఉంది, బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు కూడా ఉంది. కనుక ఒక్క ఏడాది ఈ పనికి ఇవ్వండి. అది కూడా ఇప్పటిలా రాత్రిళ్లు కూర్చుని కొత్త బేరాల వెంట పరుగెత్తే ఏడాది కాకూడదు.

మొదటి మూడు నెలలు కొత్త వెబ్‌సైట్ ఒక్కటీ ఒప్పుకోవద్దని చెప్పండి. ఆ ఏడుగురి దగ్గరికే మళ్లీ వెళ్లి, డొమైన్లు ఎవరి పేరిట ఉన్నాయో చూపించి, వారి పేరిటికి మార్చి, పాస్‌వర్డులు రాసిచ్చి, ఫారాలు పనిచేస్తున్నాయో లేదో వారి ముందే పరీక్షించి, బ్యాకప్ తీసి పెట్టాలి. దీనికి డబ్బు అడగకూడదు, ఎందుకంటే అది మొదటే చేయవలసిన పని. అదంతా చేసి చూపించిన తరువాత మాత్రం, ఏడాదికి ఇంత అని ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) మాట్లాడుకోవచ్చు. డొమైన్, హోస్టింగ్ రుసుములు యజమాని కార్డు నుంచే నేరుగా వెళ్లాలి, అప్‌డేట్లకూ బ్యాకప్‌కూ చిన్నచిన్న మార్పులకూ అబ్బాయికి విడిగా ఇవ్వాలి. ఏడుగురిలో ముగ్గురు ఒప్పుకున్నా, ప్రతి ఏడాదీ తిరిగి వచ్చే ఆదాయం అతనికి మొదటిసారి ఏర్పడుతుంది.

ఇకపై ఏ పనికైనా ఒక పేజీ ఒప్పందం ఉండాలి. సగం అడ్వాన్సు, ఎన్నిసార్లు మార్పులు, పాఠం, ఫొటోలు ఎవరు ఇస్తారు, రెండో ఏడాది ఖర్చు ఎవరిది అన్నవి అందులో రాయాలి. మన కాపీరైటు చట్టం ప్రకారం బయటివారు చేసిచ్చిన వెబ్‌సైట్ కోడుపై హక్కు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప చేసినవారిదే అవుతుంది. చాలామంది యజమానులకు ఈ సంగతి తెలియదు. పూర్తి డబ్బు ముట్టిన రోజున హక్కు యజమానిది అవుతుందని అందులో తానే రాసి ఇస్తే, రూ.25,000 అడిగినా ఆ అబ్బాయి మాట మీద గురి కుదురుతుంది. సేవల మీద ఏడాది ఆదాయం రూ.20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అవసరం రాదు కాబట్టి దాని గురించి ఇప్పుడే భయపడనక్కరలేదు.

ఇదే సమయంలో వెబ్‌పేజీలు రాసే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లను పునాది నుంచి మళ్లీ చదవాలి. మరో కోచింగ్‌కు డబ్బు కట్టవద్దు. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి, పొద్దున రెండు గంటలు చాలు. ఏడాది చివర అతను చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో ఒక సంస్థలో చేరాలనుకుంటే అడ్డు చెప్పకండి. ఒకరు రాసినదాన్ని మరొకరు పరీక్షించే పద్ధతి, గడువుకు పని అప్పగించే అలవాటు నలుగురి మధ్య పనిచేసినప్పుడే వంటబడతాయి, ఆ అనుభవంతో తిరిగి వచ్చి కావలిలోనే పని పెట్టుకున్నా నష్టం లేదు.

ఒక్క విషయం మాత్రం ఏడాది దాకా ఆగేది కాదు. మీరు పంపిన ఏడింటిలో ఒక ప్రైవేటు పాఠశాలది ఉంది. ఎవరైనా చూడగలిగే రిజిస్ట్రేషన్ వివరాల ప్రకారం దాని డొమైన్ గడువు ఇరవై రోజుల్లో ముగియనుంది. పైగా ఆ వెబ్‌సైట్‌లో పిల్లల పేర్లు, తరగతులు, ఫొటోలు ఎవరికైనా కనిపించేలా ఉన్నాయి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని చెబుతోంది. రేపు పొద్దున్నే అబ్బాయిని ఆ పాఠశాలకు పంపండి. డొమైన్ కొన్న కంపెనీలోనే యాజమాన్యం పేరిట ఖాతా తెరిపించి, డొమైన్‌ను ఆ ఖాతాకు మార్చి, వారి చేతనే రెన్యువల్ రుసుము కట్టించి, అనుమతి పత్రాలు వచ్చేదాకా పిల్లల ఫొటోల పేజీని తీసేసి రమ్మనండి.