రాబర్టో కార్లోస్ రిటైరై ఇన్నేళ్లయినా ఆన్‌లైన్‌లో ఇంత క్రేజ్ ఎందుకు?

బ్రెజిల్ ఫుట్‌బాలర్ రాబర్టో కార్లోస్ ఆడటం మానేసి ఇంతకాలమైంది, పైగా గోల్స్ ఆపే డిఫెండర్, అయినా ఆయన వీడియోలు ఇంకా ఫోన్లలో ఎందుకు తిరుగుతున్నాయని అడిగారు. నేను ఇంజినీరింగ్ నాలుగేళ్లూ కాలేజీ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్‌గా ఆడాను, అదీ ఆయన్ని చూసి అడిగి మరీ తీసుకున్న పొజిషన్, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మొదటి కారణం 1997 జూన్ 3న లియాన్‌లో ఫ్రాన్స్ మీద కొట్టిన ఆ ఫ్రీ కిక్కే. దాదాపు 35 మీటర్ల దూరం నుంచి ఎడమ కాలి బయటి వైపుతో కొట్టాడు. బంతి కుడి పక్కకి ఎంత దూరం పోయిందంటే గోల్ పక్కన ఉన్న బాల్ బాయ్ తనకే తగులుతుందనుకుని తల వంచేశాడు, అక్కణ్ణుంచి ఎడమకి తిరిగి పోస్టుకి తగిలి లోపలికెళ్లింది. గోల్‌కీపర్ బార్తెజ్ నిలబడ్డచోటే ఉండిపోయాడు. ఇది చూడ్డానికి ఫుట్‌బాల్ తెలియక్కర్లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలియని మా అమ్మ కూడా "మళ్లీ పెట్టరా" అంది.

ఏదో అదృష్టం కొద్దీ పడిందనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. 2010లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధన చేసి, తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్లే బంతికి వేగం తగ్గేకొద్దీ వంపు పెరుగుతుందని చూపించారు. మేం గ్రౌండ్‌లో ఇరవై మీటర్ల నుంచి రోజూ ప్రయత్నించేవాళ్లం, ఆ వంపు వచ్చేలోపే బంతి గోల్ దాటిపోయేది, దూరం జరిగి కొడితే అంత జోరు ఉండేది కాదు. ఆ దూరం, ఆ బలం రెండూ కలవాలి. 168 సెంటీమీటర్ల మనిషిలో ఆ బలం ఉంది.

ఇక ఇప్పటి పిల్లలకి ఆయన గేముల్లోంచి తెలుసు. ఆయన స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ వదిలిన తర్వాతి ఏడాది, 2008లో పుట్టిన మా పిన్ని కొడుకు ఈఫుట్‌బాల్ అనే వీడియో గేమ్‌లో ఆయన్ని తన టీమ్‌లోకి తెచ్చే కార్డు కోసం నెలల తరబడి ఎదురుచూశాడు.

2015లో ఆయన ఇండియన్ సూపర్ లీగ్ టీమ్ ఢిల్లీ డైనమోస్‌కి ఆటగాడూ, కోచ్ కూడా. అప్పుడు నేను ఉద్యోగం పని మీద ఢిల్లీలో ఉండి నెహ్రూ స్టేడియంకి వెళ్లాను. ఆయన లైన్ పక్కన నిలబడి ఉన్నాడంతే, అయినా ఢిల్లీకి ఫ్రీ కిక్ వచ్చిన ప్రతిసారీ మా స్టాండ్ అంతా "కార్లోస్, కార్లోస్" అని అరిచింది. 2022లో ఇంగ్లండ్‌లో ఒక పబ్ టీమ్ లాటరీలో ఆయన్ని గెలుచుకుంటే, వెళ్లి వాళ్లతో ఒక మ్యాచ్ ఆడి పెనాల్టీ కూడా కొట్టొచ్చాడు. అలాంటి మనిషిని జనం ఎలా మర్చిపోతారు?

నా బాధల్లా ఒకటే, ఆ ఒక్క కిక్‌లో ఆయన ఆట చాలా తక్కువ కనిపిస్తుంది. లెఫ్ట్ బ్యాక్ పైదాకా పరిగెత్తి అంచు నుంచి గోల్ ముందుకి బంతి (క్రాస్) వేయాలి, బంతి పోయిన మరుక్షణం వెనక్కి రావాలి. ఒకసారి నేను రావడం ఆలస్యమై నా వైపు నుంచే గోల్ పడింది, ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఆయన పదకొండేళ్లు మాడ్రిడ్‌లో అదే పని చేశాడు, యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ మూడుసార్లు గెలిచాడు, బ్రెజిల్‌కి 125 మ్యాచ్‌లు ఆడాడు.

2002లో గ్లాస్గోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాడ్రిడ్ ఆటగాడు జిదాన్ గాల్లోనే కొట్టిన గోల్ చూసే ఉంటారు. ఈసారి ఆ క్లిప్ పది సెకన్లు ముందు నుంచి పెట్టండి. ఎడమ అంచున పరిగెత్తుకొచ్చి, ఆ బంతిని ఎత్తుగా లేపింది ఎవరో చూడండి.