వాకిలి దాటని అత్తగారు

ప్రశ్న: మాది తిరుపతిలోని జీవకోన. 71 ఏళ్ల మా అత్తగారు కరోనాకు ముందు అలిపిరి దగ్గర పూలు అమ్మేవారు. 2021లో పక్కింటి స్నేహితురాలు ఆ జబ్బుతో ఆసుపత్రిలో పోయింది, కడచూపు కూడా దక్కలేదు. అప్పటి నుంచి అత్తగారు వాకిలి దాటడం లేదు. ఎవరైనా దగ్గితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. రోగం ఎప్పుడో పోయింది కదా అని మా ఆయన కసురుకుంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అత్తగారిది మొండితనం కాదు. 2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు నిలిపివేయడంతో అలిపిరిలో పూలు కొనేవారే లేకుండా పోయారు. జూన్‌లో దర్శనాలు మళ్లీ మొదలైనా 65 ఏళ్లు దాటినవారిని రావద్దన్నారు. ఆ జబ్బు పెద్దవయసు వారినే ఎక్కువగా బలిగొన్నందున ఆ జాగ్రత్త సబబే. కానీ ఇంట్లో ఉండమని అందరూ చెప్పారే గాని, ఇక బయటికి రావచ్చని ఆమెను కూర్చోబెట్టి చెప్పినవారు బహుశా ఒక్కరూ లేరు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే వాడల్లో దూరం పాటించమన్న మాట పెద్దలకు భయాన్ని మిగిల్చింది గాని, పాటించే వీలు ఇవ్వలేదు.

ఆమెను ఎక్కువగా పట్టి ఉంచింది ఆ స్నేహితురాలి మరణమేనని నాకు అనిపిస్తోంది. ఇన్నేళ్ల తర్వాత పరామర్శ ఏమిటని అనుకోకుండా, మీరు వెంట ఉండి ఆమెను ఆ ఇంటికి తీసుకెళ్లండి. పోయినామె పిల్లలతో కూర్చుని ఆమె గురించి తనివితీరా మాట్లాడనివ్వండి, ఏడిస్తే వారించకండి.

అంతకంటే ముందు పట్టణ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు, చూపు పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంటే కాళ్లలో సత్తువ తగ్గుతుంది, కంట్లో శుక్లాలుంటే గడప మెట్టు కూడా సరిగా కనిపించదు. మనం కరోనా భయమనుకునేదానిలో పడిపోతానన్న భయమూ కొంత ఉండవచ్చు.

మీవారు కసరడం మానుకుని, పొద్దున్నే అరకిలో మల్లెమొగ్గలు తెచ్చి ఆమె ముందు పోయాలి. ఆమె గడపలోనే కూర్చుని మాల కట్టి, ఇరుగుపొరుగుకు మూరల లెక్కన అమ్ముకుంటారు. ఆ డబ్బు, పింఛనులో కొంత ఆమె చేతిలోనే ఉండనివ్వండి. పింఛను ఇంటికే వచ్చి ఇవ్వడం పెద్దలకు గొప్ప మేలే అయినా, బయటికి వెళ్లేందుకు ఉన్న ఒక సాకు దానితో పోయింది.

తిండి, నిద్ర తగ్గినా, పోతే బాగుండునన్న మాట నోట వచ్చినా ఆలస్యం చేయకుండా రుయా ఆసుపత్రి మానసిక వైద్యులకు చూపించండి, లేదా మనోవ్యథకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయండి.