కర్ర ఏ చేతిలో పట్టుకోవాలి? – నడక గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు. కుడి తుంటి కీలు అరిగిపోయి నడిస్తే నొప్పి వస్తోంది. ఆయన చేతికర్రను కుడి చేత్తోనే పట్టుకుంటున్నారు. డాక్టరుగారేమో ఎడమ చేతికి మార్చుకోమన్నారు. “ఆసరా కావలసింది నొప్పి ఉన్న వైపు కదమ్మా, బాగున్న వైపు కర్ర ఎందుకు?” అని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: డాక్టరుగారు చెప్పినదే సరైనది. అయితే మీ నాన్నగారి సందేహమూ సహజమైనదే. అది తీరాలంటే కర్ర సంగతి కాసేపు పక్కన పెట్టి, మామూలు నడకలో తుంటి దగ్గర ఏం జరుగుతుందో చూడాలి.

నడకను రెండు కాళ్ల పని అనుకుంటాం. కానీ ఒక మడమ నేలను తాకినప్పటి నుంచి అదే మడమ మళ్లీ నేలను తాకే వరకు గడిచే కాలంలో రెండు పాదాలూ కలిసి నేల మీద ఉండేది సుమారు ఐదో వంతు మాత్రమే. మిగిలిన 80 శాతం కాలం ఒంటి బరువునంతా ఒకే కాలు మోస్తుంటే రెండోది గాలిలో ముందుకు ఊగుతూ ఉంటుంది. నిమిషానికి 110 అడుగులు వేసే మనిషి నిమిషానికి 110 సార్లు ఒంటికాలి మీద నిలబడుతున్నాడన్నమాట.

ఒంటికాలి మీద నిలబడడంలో ఒక చిక్కు ఉంది. శరీరం బరువు నడుము మధ్యగా పడుతుంది, దాన్ని మోసే తుంటి కీలేమో పక్కన ఉంటుంది. అందువల్ల గాలిలో ఉన్న కాలి వైపు నడుము కిందికి ఒరిగిపోవాలి. అలా ఒరగకుండా పట్టి ఉంచేది, నేల మీద ఉన్న కాలి వైపు తుంటి పక్కన విసనకర్రలా పరుచుకుని ఉండే ఒక కండరం. దాని పని మీరే చూడవచ్చు. నిలబడి, కుడి అరచేతిని నడుము ఎముక అంచుకు కాస్త దిగువన పక్కభాగానికి ఆనించి, ఎడమ కాలును నేల నుంచి రెండంగుళాలు ఎత్తండి. అంతవరకు మెత్తగా ఉన్న కండ ఒక్కసారిగా గట్టిపడడం అరచేతికి తెలుస్తుంది. కాలు దించగానే మళ్లీ మెత్తబడుతుంది. నడుస్తున్నంతసేపూ ఆ కండరం ఇలా బిగుస్తూ సడలుతూనే ఉంటుంది.

ఇప్పుడు తుంటి కీలును తక్కెడ ముల్లు అనుకోండి. 60 కిలోల మనిషిలో, నిలబడిన కాలి బరువు తీసేస్తే కీలు మోయవలసింది 50 కిలోలు. ఆ బరువు కీలుకు దాదాపు 10 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. దాన్ని నిలబెట్టే కండరం కీలుకు అవతలి వైపున సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. దూరం సగమైతే బలం రెట్టింపు కావాలి కనుక ఆ కండరం 100 కిలోల బలంతో కిందికి లాగాలి. ఈ రెండూ కలిసి కీలు మీద పడతాయి: 150 కిలోలు, అంటే ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. లెక్క తేలికగా ఉండాలని అంకెలను సరిచేసి చెప్పాను గాని, ఫలితం వాస్తవానికి దగ్గరగానే ఉంది. బెర్లిన్‌లో గేయార్గ్ బెర్గ్‌మన్ బృందం బలాన్ని కొలిచే పరికరాలను కృత్రిమ తుంటి కీళ్లలోనే అమర్చి 2001లో ప్రచురించిన కొలతల ప్రకారం, గంటకు 4 కిలోమీటర్ల నడకలో కీలు మీద పడే గరిష్ఠ బలం సగటున ఒంటి బరువుకు 2.4 రెట్లు. కండరాలు తాము మోసే బరువు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బలంతో లాగవలసి వస్తుందని ఇటలీకి చెందిన జియోవన్ని బొరెల్లీ 17వ శతాబ్దంలోనే లెక్కగట్టి చూపాడు. ఇలాంటి పరికరాలేవీ లేని రోజుల్లో కేవలం ఎముకలను, దూరాలను చూసి ఆ మాట చెప్పగలిగిన ఆయనంటే నాకు ఎంతో గౌరవం.

ఇక కర్ర సంగతి. మీ నాన్నగారు ఎడమ చేతిలోని కర్రను 5 కిలోల బలంతో నేలకు నొక్కితే, నేల అంతే బలంతో ఆయనను పైకి నెడుతుంది. ఆ చెయ్యి కుడి తుంటి కీలుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కనుక, ఒరిగిపోబోయే వైపును అంత దూరం నుంచి ఎత్తి పడుతున్న ఆ 5 కిలోలు చాలా పని చేస్తాయి. పై లెక్కనే తిరిగి వేస్తే కండరం 60 కిలోలు లాగితే చాలు, కీలు మీద భారం 150 నుంచి 105 కిలోలకు దిగుతుంది. అదే కర్ర కుడి చేతిలో, కీలుకు 20 సెంటీమీటర్లు బయటగా ఉంటే నేల పైకి నెట్టేది కుడివైపును; అప్పటికే కిందికి జారబోతున్న ఎడమవైపు మరింత జారుతుంది. కండరం 120 కిలోలు లాగాలి, కీలు మీద 165 కిలోలు పడతాయి. కర్ర లేకుండా నడిచినప్పటి కన్నా ఇది ఎక్కువ!

మరి కుడి చేతిలో కర్రతో నాన్నగారికి కొంత హాయిగా ఎందుకు అనిపిస్తోంది? ఆయన ఒంటిని కుడివైపుకు వంచి కర్ర మీద వాలుతూ ఉండాలి. అలా వాలితే బరువు కీలు మీదికి జరిగి నొప్పి తగ్గుతుంది. కానీ ప్రతి అడుగుకూ ఒళ్లంతా అటూ ఇటూ ఊగవలసి రావడంతో త్వరగా అలసిపోతారు, నడుము కూడా పట్టేస్తుంది.

ఎడమ చేతి కర్రను కుడి పాదంతో పాటే ముందుకు వేయమనండి. చెప్పులు వేసుకుని చేతులు కిందికి వదిలి నిలబడినప్పుడు కర్ర పిడి మణికట్టు ముడత ఎత్తుకు రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రతో పాటు నొప్పి ఉన్న కాలు ముందు. కర్ర అడుగున ఉండే రబ్బరు తొడుగు అరిగితే వెంటనే మార్పించండి.

ప్రశ్న: నాలుగేళ్ల మా మనవడు నా పక్కన నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పరుగు అందుకుంటాడు. నేనేమీ పరుగెత్తడం లేదు కదా, వాడికెందుకు పరుగు?

జవాబు: మీకు నడకగా ఉన్న వేగం వాడి కాళ్లకు నడక కాకపోవడమే కారణం. నడిచేటప్పుడు నేల మీద ఉన్న కాలు దాదాపు నిటారుగా ఉంటుంది, ఒళ్లు దాని మీదుగా విల్లులా వంపు తిరిగి ముందుకు దాటుతుంది. ఆ వంపులో ఒంటిని కిందికి పట్టి ఉంచేది భూమ్యాకర్షణ ఒక్కటే. కాలు పొట్టిదైతే వంపు చిన్నదవుతుంది, తక్కువ వేగానికే ఆ పట్టు చాలకుండా పోతుంది. కాలు పొడవు 90 సెంటీమీటర్లున్న పెద్దవారు నడక నుంచి పరుగులోకి మారేది గంటకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల దగ్గర. అదే లెక్కన 45 సెంటీమీటర్ల కాళ్లున్న పిల్లవాడు 5 కిలోమీటర్లు కాస్త దాటగానే మారిపోవాలి. పెద్దలు మామూలుగా నడిచే వేగం ఇంచుమించు అదే. మీరు కొంచెం చురుగ్గా నడిస్తే చాలు, వాడు పరుగెత్తక తప్పదు.

ప్రశ్న: నా చెప్పులు ఎప్పుడు కొన్నా మడమ దగ్గర బయటి అంచే ముందు అరుగుతోంది. నా నడకలో లోపమా?

జవాబు: కాదు, ఎక్కువమందికి అక్కడే అరుగుతుంది. గాలిలో నుంచి దిగే పాదం కాస్త లోపలికి వాలి ఉండడం వల్ల మడమ బయటి అంచు ముందుగా నేలను తాకుతుంది. తర్వాత పాదం చదునుగా పరుచుకుంటుంది, బరువు పాదం బయటి వైపుగా ముందుకు సాగి, మునివేళ్ల మొదలు దగ్గర లోపలికి తిరిగి, చివరికి బొటనవేలి మీదుగా నేలను వదులుతుంది. అందుకే పాత హవాయి చెప్పు మీద మడమ బయటి మూల, బొటనవేలి కింది గుంట ఈ రెండూ బాగా కనిపిస్తాయి.

రెండు చెప్పులూ ఒకే తీరున అరుగుతుంటే దిగులు వద్దు. ఒక చెప్పు రెండోదాని కన్నా బాగా ముందే అరిగినా, లోపలి అంచు అరుగుతున్నా, చెప్పు ముందుకొన నేలకు రాసుకుని చిరుగుతున్నా పట్టించుకోవాలి. నడకలో వేళ్లు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే దాటిపోతుంటాయి కనుక, ముందుకొన అరగడం పాదాన్ని పైకెత్తే కండరాల బలహీనతకు గుర్తు కావచ్చు. అలాంటప్పుడు డాక్టరు దగ్గరకు కొత్త చెప్పులతో కాకుండా, ఆ అరిగిన జతతోనే వెళ్లండి.