రెండు సంస్థలు ఒకటైనా పిల్లలకు తెలిసిన మనిషి మారకూడదు

మీరు అడిగింది ఇది. చిత్తూరులో బడి మానేసిన పిల్లలకు పని నేర్పే సంస్థ మీది. తిరుపతిలో ఇల్లు వదిలి వచ్చిన మగపిల్లలకు ఆశ్రయమిచ్చే సంస్థ ఇంకొకటి. ఇద్దరికీ డబ్బులిచ్చే దాతలు ఒకరే, వాళ్ళు ‘మీరిద్దరూ ఒకటైపోండి’ అంటున్నారు. కలవాలా, కలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? దాదాపు ఇలాంటి కలయికలోనే నేను తిరుపతి వైపు సంస్థలో కౌన్సెలర్‌గా ఉన్నాను. కలిశాక కూడా అక్కడే పనిచేశాను. కాగితాల సంగతి చెప్తాను, కానీ ముందు పిల్లల సంగతి.

మా కమిటీలో మాట ఇంకా తేలకముందే ఆ మాట స్టేషన్ దగ్గర టీ కొట్లదాకా వెళ్ళిపోయింది. పొద్దున ‘కలుస్తున్నారంట’గా ఉన్నది సాయంత్రానికి ‘మూసేస్తున్నారంట’ అయింది. పద్దెనిమిదేళ్ళు నిండి హోమ్ నుంచి బయటికెళ్ళి, లీలామహల్ సర్కిల్ వైపు హోటల్లో పనిచేసుకుంటున్న ఒక అబ్బాయి రాత్రి డ్యూటీ దిగాక ఫోన్ చేశాడు. “అక్కా, ఆఫీసు ఎత్తేస్తారంట గదా. నా టీసీ, బ్యాంకు పుస్తకం మీ బీరువాలోనే ఉండాయి. ఇంక నేను యాడికి రావల్ల?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అప్పటికే ఒప్పేసుకున్నట్టుంది. నాన్న పోయాక అమ్మ ఇంకో ఊరికి వెళ్ళిపోయింది, పనికి తీసుకొచ్చిన మేస్త్రీ కూలి ఎగ్గొట్టి పోయాడు. పెద్దవాళ్ళు చెప్పాపెట్టకుండా మాయమవడం ఆ పిల్లలకు అలవాటే. మనం కూడా ఆ వరసలో చేరకూడదు.

అందుకే నా మొదటి సలహా. సర్వసభ్య సమావేశం నోటీసు వెళ్ళకముందే పిల్లలకు చెప్పండి. హోమ్‌లో ఉన్నవాళ్ళకే కాదు, వెళ్ళిపోయినవాళ్ళకు కూడా. ఏమేం మారవో పేరుపేరునా చెప్పండి: ఏ గది, ఏ అక్క, ఏ నంబరు, ఎవరి కాగితాలు ఎక్కడ ఉంటాయి. మారేవి తర్వాత చెప్పొచ్చు.

నంబరు విషయం కాస్త వివరంగా చెప్పాలి. మా ఆఫీసులో ఒక పాత బటన్ ఫోన్ ఉండేది. ఖర్చులు తగ్గించే జాబితా వేసినప్పుడు, రెండు అద్దెలు, రెండు ఆడిట్ ఫీజులు, రెండు సిమ్‌లు అని చిత్తూరు అకౌంటెంట్ వరుసగా రాశారు. ఆయన లెక్క తప్పేం కాదు. కానీ ఆ నంబరు పిల్లల సంచుల లోపలి మూత మీద పెన్నుతో రాసి ఉంటుంది. రేణిగుంట జంక్షన్‌లో డ్యూటీ చేసే రైల్వే పోలీసుల దగ్గర ఉంటుంది. పని పోయినా, అనుమానం మీద స్టేషన్‌కి పిలిచినా, జ్వరమొచ్చి రుయా ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నా పిల్లవాడు నొక్కేది ఆ నంబరే. ఆ సిమ్‌ని కొత్త సంస్థ పేరు మీదికి మార్చి ఉంచేయాలని కమిటీకి చెప్పి ఒప్పించాం. దాంతోపాటు విలీన ఒప్పందంలో ఒక షరతు కూడా రాయించాం: మొదటి ఏడాది ఏ కౌన్సెలర్‌నీ బదిలీ చేయకూడదు, తప్పనిసరైతే పాత మనిషే కొత్త మనిషిని వెంటబెట్టుకుని ప్రతి పిల్లవాడికీ పరిచయం చేయాలి. ఒప్పందం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ వాక్యమే. మీరూ రాయించుకోండి.

ఇక కాగితాలు. ఏ సంస్థ నిలవాలి, ఏది అందులో కలవాలి అన్నది వయసుని బట్టో, పేరుని బట్టో తేల్చకండి. ఎవరి దగ్గర ఏ రిజిస్ట్రేషన్ ఉందో చూసి తేల్చండి. రెండూ 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉన్న సొసైటీలైతే సులువు. రెండు వైపులా సర్వసభ్య సమావేశాల్లో తీర్మానాలు చేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళాలి. ఒకటి ట్రస్టైతే ట్రస్టు డీడులో విలీనానికి వీలిచ్చే మాట ఉందా అని మొదట చూడండి. లేకపోతే కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చు. ఒకటి సెక్షన్ 8 కంపెనీ (లాభం కోసం కాకుండా సేవ కోసం కంపెనీల చట్టం కింద పెట్టినది) అయితే, అలాంటి ఉద్దేశాలే ఉన్న ఇంకో సెక్షన్ 8 కంపెనీతో మాత్రమే కలవగలదు.

విదేశీ నిధులు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఎవరికి ఉంటే ఆ సంస్థే నిలవడం మేలు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బుని ఇంకో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధం, అవతలి వాళ్ళకూ ఆ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకునే చిన్న సంస్థలు కుదేలైంది కూడా ఆ సవరణ వల్లే. మీ దాతలు ఇప్పుడు కలవమనడం వెనక అది కూడా ఉండి ఉండొచ్చు, అడిగి చూడండి.

పన్ను దగ్గర ఒక ప్రమాదం ఉంది. పన్ను చట్టం ధార్మిక సంస్థ అని పిలిచే మనలాంటి సేవా సంస్థ వేరే ఉద్దేశాలున్న సంస్థలోనో, పన్ను శాఖ రిజిస్ట్రేషన్ లేని సంస్థలోనో కలిస్తే, అప్పులు పోను మిగిలిన ఆస్తుల మార్కెట్ విలువ మీద గరిష్ఠ రేటున పన్ను పడుతుంది. 2016 నుంచి ఉన్న నిబంధన ఇది. ఒకే రకం ఉద్దేశాలుండి, రెండింటికీ రిజిస్ట్రేషన్ ఉండి, షరతుల ప్రకారం కలిస్తే ఆ పన్ను వర్తించదని 2024లో చట్టంలో స్పష్టంగా చేర్చారు, 2025 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి పాత సెక్షన్ నంబర్లు పట్టుకుని వెళ్ళకండి. మీ బైలాల్లో (సంస్థ నియమావళిలో) ‘వృత్తి శిక్షణ’ అని, వాళ్ళ బైలాల్లో ‘అనాథ బాలల ఆశ్రయం’ అని మాత్రమే ఉంటే, కలవకముందే ఆడిటర్‌తో కూర్చుని ఉద్దేశాల భాష సరిచూసుకోండి.

హోమ్ సంగతి వేరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద హోమ్ నడపడానికి వచ్చిన రిజిస్ట్రేషన్ కొత్త సంస్థకు దానంతట అదే రాదు. విలీనం అయ్యాక దరఖాస్తు చేద్దాంలే అనుకుంటే మధ్యలో రిజిస్ట్రేషన్ లేని హోమ్ నడిపినవాళ్ళమవుతాం, దానికి శిక్ష ఉంది. పిల్లల్ని ఒక హోమ్ నుంచి ఇంకోదానికి మార్చాలన్నా, అదే జిల్లాలోనైతే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు, వేరే జిల్లాకైతే ఆ సమితి సిఫారసు మీద రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు ఉండాల్సిందే, మన కమిటీ తీర్మానం చాలదు. పైగా 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. అంతకుముందు అంతా చిత్తూరు కలెక్టరేట్ చుట్టూ తిరిగేది. ఇప్పుడు మీకొక జిల్లా బాలల పరిరక్షణ విభాగం, వాళ్ళకొకటి. ఇద్దరు అధికారులకూ ఒకేలాంటి ఉత్తరం ఒకే రోజు ఇవ్వండి. ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

సిబ్బంది విషయంలో చాలామంది చూసుకోనిది పీఎఫ్. చెరో పన్నెండు మంది ఉన్నంతకాలం వర్తించనిది, కలిసి ఇరవై అవగానే వర్తిస్తుంది. దాతకిచ్చే బడ్జెట్‌లో ఆ ఖర్చు ముందే పెట్టండి. ఒక వైపు జీతం, ఇంకో వైపు గౌరవ వేతనం అని నడుస్తుంటే కూడా ముందే సరిచేయాలి. ఒకే పని చేసే ఇద్దరు ఒకే గదిలో వేరువేరు జీతాలతో కూర్చుంటే మొదట వెళ్ళిపోయేది కౌన్సెలర్లే. వాళ్ళు పోతే నేను పైన చెప్పినదంతా పోయినట్టే.

వ్యవస్థాపకులు ఇద్దరూ ‘సార్’లే. ఇద్దరూ సమానం అని పెద్దరికం కోసం పెట్టుకోకండి, ఎవరి మాట చివరిదో రాసుకోండి. ఇంతకంటే చెప్పడానికేం లేదు, అది మీ ఇద్దరి మధ్య తేలాల్సిందే.

కలవాలా వద్దా అన్నారు కదా. నన్నడిగితే కలవండి, కానీ ఒక మామిడి సీజన్ కలిసి పనిచేశాక. తోతాపురి కాయ దిగే నెలల్లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లోకి, మండీల్లోకి బడిపిల్లలు దిగుతారు, బడి తెరిచాక కొందరు తిరిగి వెళ్ళరు. ఆ నెలల్లో మీ శిక్షణా వాళ్ళు, వాళ్ళ కౌన్సెలర్లు ఒక బృందంగా తిరగడానికి చిన్న ఒప్పందం రాసుకుంటే చాలు, రిజిస్ట్రార్ అక్కర్లేదు. ఎవరు ఫోన్ ఎత్తుతారో, ఎవరు ఎత్తరో, పిల్లవాడి వివరాలు ఎవరు గుట్టుగా ఉంచుతారో అప్పుడే తెలుస్తుంది. మాకు బాగా కుదిరింది ఇక్కడే. హోమ్ నుంచి బయటికొచ్చిన మా పిల్లలకు నేర్చుకోవడానికి పని లేదు, చిత్తూరు వాళ్ళ దగ్గర శిక్షణ అయినవాళ్ళకు ఉండడానికి చోటు లేదు. కలిశాక హోమ్‌లో ఉంటూ ఎలక్ట్రికల్ పని నేర్చుకుని, శ్రీసిటీలో కంపెనీలకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. కలవడానికి అంతకంటే మంచి కారణం నాకు తెలీదు.

చివరిగా పేరు. కొత్త పేరు పెట్టుకోండి, తప్పులేదు. కానీ పాత పేరుతో సర్టిఫికెట్లు తీసుకున్న పిల్లలుంటారు. ఉద్యోగానికి వెళ్తే కంపెనీ వాళ్ళు ఆ సంస్థకు ఫోన్ చేస్తారు, అలాంటిదేం లేదని సమాధానం వస్తే పిల్లవాడు అబద్ధాలకోరు అవుతాడు. ‘ఫలానా సంస్థ ఫలానా తేదీన మాలో కలిసింది, దాని సర్టిఫికెట్లు చెల్లుతాయి’ అని లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తయారుచేసి, సంతకం, సీలుతో ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. బోర్డు మీద కూడా పాత పేరు చిన్న అక్షరాల్లో కొన్నేళ్ళు ఉంచండి. ఒప్పందం ముసాయిదా రాసుకున్నాక ఏదైనా సందేహం ఉంటే ఇక్కడే అడగండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను.